జున్నుతో ద్రాక్షతోటకి: కుక్కని వైనరీకి తీసుకెళ్లాలనుకునేవాళ్ల కోసం

మా జున్ను లాబ్రడార్. ఆరేళ్లు నిండాయి, బరువు 31 కిలోలు. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మెట్ల మీద పడుకుని వీధి మొత్తానికీ కాపలా కాస్తుంటాడు. మా అబ్బాయి, కోడలు బెంగళూరులో యలహంక దగ్గర ఉంటారు. అక్కడి నుంచి నంది కొండలు గంటన్నర దూరం కూడా ఉండదు. ఆ కొండల కిందనే దొడ్డబళ్లాపుర వైపు ద్రాక్షతోటలూ, వైన్ తయారుచేసే వైనరీలూ ఉన్నాయి. 1980ల చివర్లో గ్రోవర్ కుటుంబం అక్కడ వైన్ ద్రాక్ష నాటినప్పటి నుంచి ఆ ప్రాంతానికి వైన్ తోటల చోటనే పేరు వచ్చింది. నాసిక్ వాళ్ల సులా వైనరీ 1999లో మొదలైంది కాబట్టి దానికన్నా నంది కొండలే ముందు.

నేను వైన్ తాగను. మా పక్కింటి సుబ్బలక్ష్మక్క "తాగనిదానివి అక్కడికెందుకే" అని అడిగింది. తోట కోసం వెళ్తాను. వరసల మధ్య చల్లటి గాలికి జున్ను ముక్కు పైకెత్తి నడుస్తుంటే చూడటానికి వెళ్తాను. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి వాడి ప్రాణం మీదకి వచ్చింది. అప్పుడు నాకు తెలియనివన్నీ ఇప్పుడు వెళ్లేవాళ్లకి ముందే తెలియాలని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ద్రాక్ష కుక్కకి విషం. పచ్చి కాయ, పండు, ఎండుద్రాక్ష, గింజ ఉన్నది, గింజ లేనిది, అన్నీ అంతే. ఆ పండునే పండించే చోటికి మనం కుక్కని తీసుకెళ్తున్నాం. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

ఆ రోజు ఏం జరిగిందంటే

అది ఫిబ్రవరి, కోతల కాలం. గుత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా కోడలు ఫొటో తీస్తానంటే నేను తీగ పక్కన నిలబడ్డాను. తాడు నా చేతిలోనే ఉంది, కళ్లు మాత్రం ఫోన్ వైపు ఉన్నాయి. పట్టుమని నిమిషం కూడా కాలేదు. వెనక వరసలో గుత్తులు కోస్తున్న పెద్దాయన "అమ్మా, కింద రాలిన కాయలు తింటా ఉంది చూడు" అని కేక వేశాడు. చిక్కబళ్లాపుర వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ కేక తెలుగులో వినబడటం నా అదృష్టం. తిరిగి చూసేసరికి జున్ను మూతి నాకుకుంటున్నాడు. ఎన్ని తిన్నాడో ఎవరం చెప్పలేకపోయాం.

గుంటూరులో మా డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎంతసేపైందమ్మా?" పది నిమిషాలన్నాను. "వాంతి అవుతుందేమో అని చూస్తూ కూర్చోకండి. ఇప్పుడే బయల్దేరి దగ్గరలో సెలైన్ పెట్టగల క్లినిక్‌కి వెళ్లండి" అన్నారు. గంటలోపే యలహంక వైపు ఒక క్లినిక్‌కి చేరాం. వాళ్లు ఇంజెక్షన్ ఇచ్చి వాంతి చేయించారు. అందులో 11 ద్రాక్షకాయలు లెక్కపెట్టాం, కొన్ని నమలనైనా నమలలేదు. తర్వాత రెండు రోజులు సెలైన్. మూడు రోజుల పాటు రోజుకోసారి రక్తం తీసి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశారు. కిడ్నీలకి ఏమీ కాలేదు. మూడో రోజు రిపోర్టు చూసి మా అబ్బాయి క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ద్రాక్ష తిన్న కుక్క పైకి మామూలుగానే కనిపిస్తుంది, అదే ఇందులో మోసం. చాలా కుక్కలకి వాంతులు ఆ రోజే, 24 గంటలలోపే మొదలవుతాయి. కిడ్నీలు దెబ్బతినడం ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. అప్పటికి మూత్రం తగ్గిపోతుంది, కుక్క డీలా పడిపోతుంది, వైద్యం కష్టమవుతుంది. ఎన్ని కాయల వరకు ఫర్వాలేదు అనే లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకో కుక్క నాలుగు తిని పడిపోతుంది. కాబట్టి "మా వాడు ఇంతకుముందు తిన్నాడు, ఏమీ కాలేదు" అనే ధైర్యం వద్దు.

ఇంట్లో వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు పట్టించకండి. మన పెద్దవాళ్లకి వెంటనే తట్టేది అదే. ఉప్పు ఎక్కువైతే అదే కుక్కకి ఇంకో విషం, మెదడు మీద దెబ్బ కొడుతుంది. పాలు, మజ్జిగ, నిమ్మరసం కూడా విరుగుడు కావు. చేయాల్సింది ఒక్కటే, బండెక్కించి బయల్దేరడం.

ద్రాక్షలో అసలు దోషం ఎక్కడుంది అని ఆ తర్వాత డాక్టరు గారిని అడిగాను. చాలాకాలం ఎవరికీ తేలలేదట. 2021లో అమెరికా పశువైద్యుల సంఘం పత్రికలో అక్కడి విష చికిత్స డాక్టర్లు ఒక ఉత్తరం రాశారు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణమని వాళ్లు బలంగా అనుమానించారు. వంటల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టర్ తిన్న కుక్కకి సరిగ్గా ద్రాక్ష తిన్న లక్షణాలే కనిపించడంతో వాళ్ల దృష్టి అటు మళ్లిందట. ఇది విని నేను మా వంటింటి వైపు చూశాను. టార్టారిక్ ఆమ్లం బాగా ఉండే ఇంకో పదార్థం చింతపండు!

అంటే పులిహోర, పప్పుచారు, సాంబారు, పచ్చి పులుసు, అన్నీ. గుంటూరు ఇంట్లో చింతపండు పడని పూట ఏది? పండగ రోజు పులిహోర ముద్ద కుక్కకి పెట్టడం మనకి ప్రేమ. నేనూ పెట్టాను. ఇప్పుడు పెట్టను. పరమాన్నంలో, లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. అది ఎండి చిక్కబడింది కాబట్టి తాజా పండు కన్నా ఇంకా ప్రమాదం. దారిలో తినడానికి పులిహోర పొట్లం కట్టుకుంటే అది కుక్కకి అందని చోట పెట్టండి. మేం డిక్కీలో పెడతాం.

ఎప్పుడు వెళ్లాలి

అందరూ కోతలప్పుడు వెళ్లమంటారు. కుక్కతో అయితే నేను వద్దంటాను. వైన్ ద్రాక్షకి మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటాయి. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి. అక్టోబరు కత్తిరింపు తర్వాతే కాపు. కోతలు సుమారుగా జనవరి నుంచి మార్చి దాకా. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత తీగ ఆకు వేసి బలం పుంజుకుంటుంది, గుత్తులు ఉండవు. కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో వరసల కింద రాలిన కాయ ఉండదు, ఎండ ఉండదు, జనమూ తక్కువ. మా మూడో ప్రయాణం ఆగస్టులో చేశాం. జున్ను అంత హాయిగా నడవడం అంతకుముందు చూడలేదు.

ఒక చిక్కు ఉంది. ఆ ప్రాంతంలో బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్ష కూడా పండిస్తారు. అక్కడి వాతావరణానికి దానికి ఏడాదికి రెండు కాపులు వస్తాయి. తినే ద్రాక్షలో దిల్‌ఖుష్ కూడా ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పేరు పొందిన అనాబ్-ఎ-షాహీ నుంచే అది వచ్చింది. అందుకని ఆగస్టే కదా అని ఊరుకోకుండా "ఇప్పుడు తోటలో ఎక్కడైనా కాయ ఉందా" అని ఫోన్లోనే అడగండి. నవంబరు, డిసెంబరు నెలల్లో పచ్చి కాయ ఉంటుంది. పండలేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, పచ్చికాయలో ఆ పులుపు ఇంకా ఎక్కువ.

వానాకాలంలో వెళ్తే పిడుదుల బెడద ఉంటుంది. బయల్దేరడానికి కనీసం రెండు రోజుల ముందు డాక్టరు చెప్పిన పిడుదుల మందు వేయించండి. ఒక్క పిడుదు కాటు చాలు జ్వరం రావడానికి, ప్లేట్‌లెట్లు పడిపోవడానికి.

ఫోన్ చేసి ఏమేం అడగాలి

"కుక్కని తీసుకురావచ్చా" అని అడిగితే "వచ్చేయండి మేడమ్" అంటారు. అది చాలదు. మా రెండో ప్రయాణంలో ఒక వైనరీ వాళ్లు ఫోన్లో సరేనన్నారు, గేటు దగ్గర వేరే మనిషి కుదరదన్నాడు. ఎండలో అరగంట నిలబడి వెనక్కి వచ్చేశాం. ఇప్పుడు నేను మాటతో ఆగను, వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకుంటాను. కుక్క జాతి, బరువు, తేదీ, ఎన్ని గంటలకి వస్తామో రాసి పంపిస్తాను. వాళ్లు "ఓకే" అని పెట్టిన మెసేజ్ ఫోన్లో ఉంచుకుంటాను.

అడగాల్సినవి ఇవి. కుక్కని గేటు లోపలికి మాత్రమే రానిస్తారా, తోట వరసల్లో నడవనిస్తారా? బయట నీడలో బల్లలు ఉన్నాయా? వాళ్ల సొంత కుక్కలు విడిగా తిరుగుతుంటాయా? శనివారం, ఆదివారం, పాటల కార్యక్రమాలు ఉన్న రోజు అయితే వద్దు, ఆ గోలకి కుక్క బెదిరిపోతుంది. మంగళవారమో బుధవారమో పొద్దున పూట అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, తోటకి తెగుళ్ల మందు ఎప్పుడు కొట్టారని. ద్రాక్షకి బూజు తెగులు ఎక్కువ. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దగ్గర నుంచి రకరకాల మందులు కొడతారు. మన మిర్చి రైతుల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కుక్క గడ్డిలో నడిచి, ఆ పాదాలే నాకుతుంది. ఆ వారంలో మందు కొట్టారంటే ఆ రోజు వరసల్లోకి దింపకండి, బయట బాట మీదే నడిపించండి.

ఇంటి దగ్గర నేర్పాల్సినవి

కుక్కకి ఎన్ని విద్యలు వచ్చినా రాకపోయినా "వదులు" అనే మాట మాత్రం రావాలి. ఫిబ్రవరి సంగతి తర్వాత నేను మూడు నెలలు జున్నుకి ఇదొక్కటే నేర్పాను. మొదట గుప్పిట్లో చిన్న ఉడికించిన చికెన్ ముక్క పెట్టుకుని వాడి ముక్కు ముందు ఉంచాను. నాకుతాడు, పంజాతో గీకుతాడు. మనం కదలకూడదు, మాట్లాడకూడదు. విసిగి ఒక్క క్షణం ముఖం పక్కకి తిప్పగానే "శభాష్" అని రెండో చేత్తో ఇంకో ముక్క పెట్టాలి. గుప్పిట్లో ఉన్నది మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. నాలుగైదు రోజులకి గుప్పిట చూపించగానే తల తిప్పేస్తాడు. అప్పుడు "వదులు" అనే మాట కలపాలి. ఆ తర్వాత ముక్క నేల మీద, మన పాదం కింద. ఆ తర్వాత పాదం లేకుండా. చివరికి నడుస్తూ.

ఇంట్లో వచ్చింది కదా అని అనుకోవద్దు. తెనాలి దగ్గర మా పెద్దమ్మగారి నిమ్మతోటకి నెలకి రెండుసార్లు తీసుకెళ్లాను. చెట్ల కింద అక్కడక్కడా చికెన్ ముక్కలు వేసి వాడిని తాడుతో నడిపించాను. మొదటి రోజు అయిదు తినేశాడు. ఎనిమిదోసారి ఒక్కటీ ముట్టలేదు. విజయవాడ వాళ్లకి నూజివీడు మామిడితోటలు ఉన్నాయి. తెలిసినవాళ్ల తోట ఉంటే అంతకన్నా మంచి బడి ఇంకోటి ఉండదు.

ఎంత నేర్పినా కుక్క కుక్కే, ముఖ్యంగా లాబ్రడార్. కాబట్టి కాయ ఉన్న కాలంలో వెళ్లక తప్పకపోతే మూతికి చిక్కం వేయండి. దూడలకి, ఎడ్లకి కట్టే చిక్కం లాంటిదే కుక్కలకీ బుట్ట ఆకారంలో దొరుకుతుంది. గుడ్డతో చేసి మూతిని బిగించి కట్టేసేది వద్దు. దానితో కుక్క నోరు తెరిచి రొప్పలేదు, వేడి బయటికి పోదు. బుట్ట చిక్కంలో రొప్పగలదు, నీళ్లు తాగగలదు, నేల మీద కాయ అందుకోవడం మాత్రం కష్టం. ఒక్కరోజులో తగిలించకండి. మూడు వారాల పాటు అందులో పెరుగన్నం రాసి మూతి దానంతట అదే పెట్టేలా చేయండి. చిక్కం చూసి కొంతమంది కరిచే కుక్క అనుకుని పక్కకి తప్పుకుంటారు. తప్పుకోనివ్వండి, కుక్క ప్రాణం ముఖ్యం.

గంటసేపు ఒకచోట పడుకుని ఉండటం కూడా అలవాటు చేయాలి. మేం సాయంత్రాలు లక్ష్మీపురంలో ఒక టీ కొట్టు బయట కూర్చునేవాళ్లం. పాత బొంత పరిచి దాని మీద పడుకోబెట్టాను. ఇప్పుడు ఆ బొంత ఎక్కడ పరిస్తే అదే వాడి ఇల్లు.

దారి

గుంటూరు నుంచి మేం నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా అనంతపురం చేరి, అక్కడ 44వ నంబరు హైవే ఎక్కుతాం. కోడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపుర, ఆ తర్వాత యలహంక. దాదాపు 600 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు సగం దారి గడుస్తుంది. విజయవాడ నుంచైతే ఇంకో గంట ముందు లేవండి.

ముందు రోజు రాత్రి మామూలుగా పెట్టి, బయల్దేరే పొద్దున ఏమీ పెట్టను. ఖాళీ కడుపుతో ఉంటే వాంతి చేసుకోడు. రెండు గంటలకోసారి ఆపి నీళ్లు, నడక. మధ్యలో ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా అన్నంలో ఉడికించిన చికెన్, అదీ కొంచెమే. హోటల్లో ఇడ్లీ ముక్క పెట్టొచ్చు, చట్నీ, సాంబారు అంటకూడదు. ఉల్లిపాయ కుక్క రక్తకణాలని దెబ్బతీస్తుంది. బిర్యానీ ఎముకలు అసలే వద్దు, ఉడికిన ఎముక పగిలి పేగులో గుచ్చుకుంటుంది.

సీటు బెల్టుకి తగిలించే హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, 500 రూపాయలకి పైన పెడితే దొరుకుతుంది. మెడ పట్టీకి తగిలించకండి, బ్రేకు వేస్తే మెడకి దెబ్బ. కిటికీలోంచి తల బయటపెట్టనివ్వకండి. నల్లమల వైపు అడవి దారిలో కోతులు ఉంటాయి. అక్కడ కుక్కని దింపకండి, అద్దం కూడా దించకండి.

ఆగిన కారులో కుక్కని ఒంటరిగా వదలకండి. "రెండు నిమిషాల్లో వస్తాను" అని కూడా వదలకండి. బయట 35 డిగ్రీలు ఉంటే పది నిమిషాల్లో లోపల 45 దాకా పోతుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దాని ఫ్యాను. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే వడదెబ్బ, ప్రాణాపాయం. అప్పుడు నీడకి తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, గాలి విసురుతూ ఆసుపత్రికి పరిగెత్తాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఉన్నవాళ్లు ఈ ప్రయాణం మార్చి నుంచి జూన్ దాకా మానుకోవడమే మంచిది.

కారు లేనివాళ్లకి రైలు ఉంది, కానీ నిబంధనలు గట్టిగా ఉంటాయి. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరుతో దొరికితేనే కుక్క మనతో రావచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. లేదంటే గార్డు పెట్టె పక్కన కుక్కల పెట్టెలో వేస్తారు. రాత్రంతా ఆ శబ్దంలో, ఆ ఉక్కలో ఒంటరిగా ఉంచడానికి నాకు మనసొప్పదు. ఏ పద్ధతిలో వెళ్లినా పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. రేబిస్ టీకా కాగితం, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం దగ్గర ఉండాలి. కారులో వెళ్లినా ఆ కాగితాల ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి.

బయల్దేరేముందు ఇంకో పని ఉంది. వైనరీకి గంటలోపు దూరంలో 24 గంటలూ తెరిచి ఉండే పశువైద్యశాల ఒకటి వెతికి పెట్టుకోండి. ఫోన్ చేసి "మీ దగ్గర సెలైన్ పెడతారా, క్రియాటినిన్ టెస్టు చేస్తారా" అని అడగండి. 1962 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది కానీ అది ముఖ్యంగా పాడి పశువుల కోసం. దాని మీదే ఆధారపడకండి. మన ఊళ్ల దగ్గరైతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

వైనరీలో

దిగగానే తోటలోకి వెళ్లను. ముందు గేటు బయట పది నిమిషాలు నడిపిస్తాను. మూత్రం, మలం అక్కడే అయిపోతే లోపల నిశ్చింత. లోపల అయితే వెంటనే కవరుతో ఎత్తేయాలి. అది మనుషులు తినే పంట, కింద కూలీలు వట్టి కాళ్లతో నడుస్తుంటారు.

తాడు ఆరడుగులు మించకూడదు. లాగితే సాగే తాడు ఇక్కడ పనికిరాదు, మీరు బటన్ నొక్కేలోపు కుక్క రెండో వరసలో ఉంటుంది. వరసలో నడిచేటప్పుడు ఒక మనిషి పని కుక్కని చూడటమే. ఫొటోలు ఇంకొకరు తీస్తారు. మేం అరగంటకోసారి తాడు మార్చుకుంటాం, చేతులు మారేటప్పుడు "తాడు నీ దగ్గర" అని పైకి చెప్పుకుంటాం. ఎదురుగా ఎవరైనా వస్తే "కుక్క ఉందండీ, ఫర్వాలేదా?" అని ముందే అడుగుతాను. భయపడేవాళ్లు ఉంటారు, వాళ్ల భయం వాళ్లకి నిజం.

లోపలి యంత్రాల దగ్గరికి, ట్యాంకుల గదికి కుక్కని తీసుకెళ్లకండి, రమ్మన్నా సరే. ద్రాక్షరసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలి కన్నా బరువు, నేల దగ్గర పేరుకుంటుంది. మన ముక్కు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది, కుక్క ముక్కు అడుగున్నర ఎత్తులో. మేం ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి చూసి వస్తాం, ఒకరు జున్నుతో బయట ఉంటారు.

రసం పిండేశాక మిగిలిన తొక్కలు, గింజలు కుప్ప పోసి ఎరువు చేస్తారు. పులిసిన ఆ వాసన కుక్కకి చాలా ఇష్టం. అందులో ద్రాక్ష విషమూ ఉంటుంది, సారాయి లాంటి మత్తూ ఉంటుంది. ఆ కుప్పలు ఎటువైపు ఉన్నాయో అక్కడి మనిషిని అడిగి, దానికి ఎదురు దిక్కున నడవండి.

బల్ల దగ్గర గోడ పక్క మూల చూసుకుని బొంత పరచండి. ఇక్కడ చూడాల్సింది బల్ల మీద కన్నా బల్ల కింద. రుచి చూసి ఉమ్మే గిన్నె కొన్నిచోట్ల నేల మీద పెడతారు, దాన్ని బల్ల మీదకి ఎత్తించండి. కుక్కకి వైన్ ఒక్క చుక్క కూడా వద్దు. సరదాగా నాకించి వీడియో తీసేవాళ్లని చూశాను, నాకు ఒళ్లు మండింది. మన లివర్ తట్టుకునేది దానిది తట్టుకోదు. సీసా బిరడాలు లెక్కపెట్టి జేబులో వేసుకోండి, మింగితే పేగులో అడ్డుపడతాయి. చీజ్ పళ్లెం తెప్పించుకుంటే దానితో పాటు ద్రాక్ష గుత్తి, ఎండుద్రాక్ష, చాక్లెట్ వస్తాయి. "ద్రాక్ష లేకుండా ఇవ్వండి" అని ముందే చెప్తాం. నీళ్లు మాత్రం మన గిన్నెలో, మనం తెచ్చినవే.

రెండు గంటలు చాలు. కుక్క ఆవులిస్తూ, పెదాలు నాక్కుంటూ, తోక దించి ఉంటే అది అలసటే, టెన్షనే. గ్లాసులో వైన్ మిగిలినా లేవండి. తిరుగు ప్రయాణం నడిపే మనిషి చుక్క కూడా ముట్టకూడదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మా ఇంట్లో ఆ పని నాది, బెంగళూరు ట్రాఫిక్‌లో కూడా నేనే నడుపుతాను. సీసాలు ఆంధ్రలోకి తేవాలనుకునేవాళ్లు ఎక్సైజ్ నిబంధన కనుక్కున్నాకే కొనండి. మేం తేం.

ఇంటికి వచ్చాక

బండి ఎక్కించేముందే పాదాలు కడిగి తుడుస్తాను, వేళ్ల సందుల్లో కూడా. ఇంటికి రాగానే వెలుతురులో కూర్చోబెట్టి చెవుల లోపల, చంకల్లో, తోక మొదట్లో పిడుదులు చూస్తాను. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. గోళ్లతో నలపొద్దు, కిరోసిన్ రాయొద్దు.

ఆ తర్వాత మూడు రోజులు జున్ను మూత్రం ఎన్నిసార్లు పోశాడో, ఎంత పోశాడో చూస్తాను. అన్నం తిన్నాడా, వాంతి అయ్యిందా, నీళ్లు మామూలు కన్నా ఎక్కువ తాగుతున్నాడా అని ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాస్తాను. ఏ చిన్న తేడా వచ్చినా రక్తపరీక్షకి తీసుకెళ్తాను, "రేపు చూద్దాం" అనను. మొన్న ఆగస్టు కాగితంలో మూడు రోజులూ ఒకటే రాశాను: తిన్నాడు, పోశాడు, పడుకున్నాడు.